కన్నియమ్మ నమ్మని సీసా

వ్యాసర్పాడి కన్నియమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి ఖాళీ సీసాలు కొంటుంది. కడిగి, జార్జి టౌన్‌లో ఒక సందులో అమ్ముతుంది. అక్కడ కంపెనీ చీటీ చెదరని మందు సీసాకే గిరాకీ. చీటీ తడవకుండా సీసా కడగడం ఆమెకు అత్త నేర్పిన విద్య.

1957లో ఆమె భర్త కాటయ్యకు క్షయ పట్టుకుంది. రైలు యార్డులో బొగ్గు మోసే మనిషి. ధర్మాసుపత్రి డాక్టరు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చి, ఏడాదిపాటు మానకుండా మింగమన్నాడు.

"దీనికి పేరుందా, ఊరుందా?" అన్నాడు కాటయ్య. "ఇదే జబ్బుకు మా మేస్త్రీ మింగేది కంపెనీ మందు. సీసా మీద కిరీటం బొమ్మ ఉంటాది."

"రెండిట్లోనూ ఒకటే మందని డాక్టరయ్య చెప్పలేదా?"

"ఊరికే ఇచ్చేవోడు అట్నే చెప్తాడు."

కొన్నాళ్లకు కన్నియమ్మ అతని చాప దులుపుతుంటే మడతల్లోంచి మాత్రలు రాలాయి. దగ్గు ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది.

"యోవ్, మందు అయిపోయిన సీసా మీది కాయితంతో ఆ సందులోవోళ్లకేం పని? ఎప్పుడైనా ఆలోచించినావా?"

"కంపెనీవోళ్లే మళ్లీ కొంటారేమో."

"కంపెనీవోడు ఆడికొచ్చి నాతో బేరమాడతాడా? దాంట్లో సుద్ద నింపుతారో, సున్నం నింపుతారో."

"మేస్త్రీకి నయమాయె గదా."

"ఆయనకి మంచి సీసా దొరికింది. నీకూ దొరుకుతాదని రాసిచ్చిందెవురు?"

కాటయ్య గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. ఆమెకు కాస్త ఆశ పుట్టింది.

"అట్లయితే నువ్వు కడగని కంపెనీ సీసా చూసి తీసుకురా," అన్నాడు.

ఈ మాట చెప్పేటప్పుడు కన్నియమ్మ ఇప్పటికీ నుదురు కొట్టుకుంటుంది. ఆ రోజుతో వాదించడం మానేసింది. పొద్దున్నే గంప ఎత్తకముందే మాత్ర, నీళ్లు పట్టుకుని ఎదురుగా కూచునేది.

"నోరు తెరువు. నాలిక ఎత్తు."

"యార్డు గేటుకాడ కూడా ఇట్లా సోదా చెయ్యరే."

"నువ్వు పోతే ఆడ ఇంకొకడు చేరతాడు. మింగు."

తిట్టుకుంటూనే మింగేవాడు. వానలు మొదలయ్యేసరికి దగ్గు తగ్గింది, ముఖంలో నెత్తురు కనబడింది. ఒకనాడు కాటయ్య కాళ్లు బారచాపుకుని తీర్పు చెప్పాడు.

"నాకు నయమయింది నీ మాత్రలతో కాదే, నువ్వు రోజూ పెట్టిన కోడిగుడ్లతో. ఇంక అవి ఆపెయ్."

"సరి, గుడ్లతోనే అనుకో," అంది కన్నియమ్మ, పొట్లం విప్పుతూ. "ఏడాది కాలేదు. నోరు తెరువు."