రెండో గేరు కూత

2023లో, వానలు వెనకబట్టి చలి మొదలవుతున్న రోజులు. నర్సీపట్నంలో చింతపల్లి వెళ్ళే రోడ్డు మీద నాదొక రేకుల షెడ్డు. అప్పటికి ముప్ఫయ్యేళ్ళుగా గేర్ బాక్సులే నా బతుకు. గేర్ బాక్స్ దింపడమంటే బండి కింద వెల్లకిలా పడుకుని, అంత బరువునూ గుండెల మీదకి దించుకోవడమే. నడుం ఎప్పుడో పోయింది. మోకాళ్ళు లేచేటప్పుడు ఒకసారి, కూర్చునేటప్పుడు ఒకసారి తిడతాయి. "ఇంక సాలు, మానీ" అని మా ఆవిడ రోజూ అనేది. మానేసి ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తెలియక పొద్దున్నే వచ్చి షెడ్డు తాళం తీసేవాణ్ణి.

అలాంటి ఒక పొద్దున రోలుగుంట ఓనరుగారి జీపు వచ్చింది. బండి ఆయనది, నడిపేది సింహాచలం. నలభై దాటని మనిషి, కొండమీద పుట్టినవాడు. మిగతా రోజులు ఊళ్ళలో కిరాయిలకు తిప్పినా, వారానికొకసారి ఘాటీ ఎక్కి కొండ ఊళ్ళవాళ్ళను నర్సీపట్నం దింపుతాడు. అడ్డాకులూ చింతపండూ అమ్ముకునేవాళ్ళు, ఆసుపత్రి పనున్నవాళ్ళు, అందరికీ ఆ వారానికి ఆ బండే దిక్కు.

"సౌండు ఈమధ్య మరీ పెరిగిపోనాదని ఓనరుగారు ఫోన్లో ఒకటే గోల మేస్త్రీగారూ. జనం సెవులు మూసుకుంటన్నారని."

నేను పక్కన కూర్చుని రోడ్డు మీద తిప్పించాను. గేర్ బాక్స్ సౌండు పట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. న్యూట్రల్లో మోగుతూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోయినట్టు. అన్ని గేర్లలోనూ గురగురమంటే మిగతా బేరింగులను అనుమానించాలి. ఒకే ఒక్క గేర్లో, అదీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సన్నగా కూత పెడితే మాత్రం ఆ గేరు పళ్ళు అరిగినట్టే. పళ్ళు ఒకదాని మీద ఒకటి నున్నగా దొర్లాలి. అరిగితే దొర్లవు, రాసుకుంటాయి. ఈ జీపు రెండో గేర్లో కూత పెడుతోంది. మామూలు కూత కాదు, ముప్ఫయ్యేళ్ళ మోతకి చెడిపోయిన నా చెవిక్కూడా సూదిలా దిగింది.

విప్పి చూస్తే ఎవరో మహానుభావుడు చేసిన ఘనకార్యం బయటపడింది. రెండో గేరు అంటే ఒక చక్రం కాదు, ఒకదానితో ఒకటి కలిసి అరిగే జత. మార్చితే రెండూ మార్చాలి. ఆయన ఒకటి కొత్తది వేసి, రెండోది పాతదే ఉంచేశాడు. కొత్త పళ్ళూ పాత పళ్ళూ ఎక్కడా సరిగ్గా కూర్చోక అంచులమీదే తిరుగుతున్నాయి. కింది షాఫ్ట్ బేరింగులు కూడా వదులైపోయాయి. ఆయిలు వంపితే అడుగున వెండి పొడిలా ఇనుప రజను దిగింది. ఇంకొన్నాళ్ళు పోతే ఘాటీ మధ్యలో పళ్ళు ఊడిపోయేవి, అందరూ లోయలో ఉండేవారు. ఈ పనులు చేసేవాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి!

జత గేర్లూ బేరింగులూ తెప్పించాను. మూడు రోజులు పట్టింది. షాఫ్ట్ అటూ ఇటూ జరగకుండా షిమ్ములు పెట్టాలి. అవి కాగితమంత పల్చటి ఇనుప రింగులు. ఒకటి ఎక్కువైతే బిగుసుకుపోతుంది, ఒకటి తక్కువైతే మళ్ళీ కూత. పెట్టి, విప్పి, పెట్టి, విప్పి, నాలుగోసారికి కుదిరింది. అప్పటికి నా ఒళ్ళు హూనమైపోయింది.

బిగించేముందు సింహాచలం వచ్చి కాసేపు నసిగాడు.

"సౌండు మొత్తం తీసీవద్దు మేస్త్రీగారూ. కొంచెం ఉంచీండి."

"ఏటి? కూరలో ఉప్పేట్రా కొంచెం ఉంచడానికి?"

"అది కాదండీ. కొండమీదోళ్ళు ఆ సౌండుకే దిగుతారు."

"సౌండు కావాలంటే పెళ్ళి బ్యాండోళ్ళని ఎక్కించుకో" అని పగలబడి నవ్వాను. వాడూ మొహమాటానికి నవ్వాడు. ఇంకేదో చెప్పబోయాడు. నేను అప్పటికే బండి కిందకి దూరిపోయాను. ఆ సాయంత్రం జీపు రెండో గేర్లో షెడ్డు ముందు గట్టు ఎక్కుతుంటే ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఓనరుగారు ఫోన్లో తెగ మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నడుం నొప్పి కూడా తెలియలేదు.

రెండు వారాలు తిరక్కుండా సింహాచలం మళ్ళీ వచ్చాడు. దిగీ దిగగానే అడిగాడు.

"పాత గేర్లు ఉన్నాయా మేస్త్రీగారూ?"

"పాత సామాన్లో పడీసాను. ఏం?"

"ఎక్కించీండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమైనా పిచ్చా? మూడు రోజులు నేను సచ్చి సేసిన పనిని విప్పీమంటావా?" అని అరిచాను. వాడు అరవలేదు. స్టూలు మీద కూలబడి చెప్పుకొచ్చాడు.

పైన ఒక గూడెం ఉంది. పది ఇళ్ళు కూడా ఉండవు. రోడ్డుకి గంట నడక. అక్కడ ఫోన్లకు సిగ్నల్ లేదు. జీపుకి ఒక టైమంటూ లేదు, కింద జనం నిండితేనే కదులుతుంది. ఒక్కోసారి ఎనిమిదికి, ఒక్కోసారి పదకొండుకి. అయితే ఏ టైములో కదిలినా ఘాటీ ఎక్కేటప్పుడు రెండో గేరు కూత ఎదురు కొండ దాకా వినబడేది. అది చెవిన పడగానే గూడెంవాళ్ళు మూటలు ఎత్తుకుని దిగడం మొదలుపెట్టేవారు. జీపు పై ఊరు దాకా వెళ్ళి జనాన్ని ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి వీళ్ళు మలుపు దగ్గరుండేవారు. ఏళ్ళ తరబడి అదే వాళ్ళ గడియారం. హారన్ ప్రతి బండీ ప్రతి మలుపులోనూ కొడుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ గూడెంలో బాలన్న అనే ఆయనకి ఎనిమిదేళ్ళ కూతురు, సుశీల. సికిల్ సెల్ జబ్బు. ఏజెన్సీలో ఆ పేరు తెలియని ఇల్లు తక్కువ. రక్త కణాలు వంకర తిరిగి నరాల్లో అడ్డుపడతాయి, అప్పుడు ఎముకల్లో నొప్పి పుడుతుంది. నెలనెలా ఆసుపత్రికొచ్చి మందులు తెచ్చుకోవాలి. కిందటి వారం బాలన్న పిల్లను తయారుచేసి, కూత కోసం ఇంటి ముందే కూర్చున్నాడు. కూత రాలేదు. బండి రాలేదనుకున్నాడు. బండి ఎక్కింది, దిగింది, వెళ్ళిపోయింది. ఇంట్లో మందులు అయిపోయాయి. పిల్లకి నొప్పి మొదలైంది. నాలుగు రోజులు చూసి, డోలీ కట్టి రోడ్డుకి మోసుకొచ్చి, దొరికిన బండి ఎక్కించారు.

"ఇప్పుడెలాగుంది?" అన్నాను.

"పెద్దాసుపత్రిలో ఉంది. సెలైనెక్కిత్తన్నారు."

చేతులు కిరసనాయిల్తో కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది. మోకాళ్ళు ఉబ్బి ఉన్నాయి. బాలన్న మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. నేనెవరో సింహాచలం చెబితే లేచి నిలబడ్డాడు.

"తప్పైపోయింది బాలన్నా" అన్నాను.

"నీదేటి తప్పు బాబూ. బండి బాగుసెయ్యడం నీ పని. నువ్వు సేసినావు."

రెండు తిట్లు తిట్టుంటే బాగుండేది. పాత గేర్లు ఎక్కించడం కుదరదని, ఎక్కిస్తే అందరి ప్రాణాలకీ ముప్పని చెప్పాను. తలూపాడు. "మరి మాకెలాగ తెలుత్తాది?" అని మాత్రం అడిగాడు.

షెడ్డుకొచ్చి, మోత వచ్చేదేదైనా దొరుకుతుందేమోనని పాత సామాన్ల కుప్ప తిరగేశాను. అందులో లారీ బ్రేక్ డ్రమ్ము ఒకటి కనబడింది, బిందె అంత పోత ఇనుప ముక్క. వీల్ స్పానర్తో కొడితే పక్క షెడ్డువాళ్ళు బయటికొచ్చారు. మోత బాగానే ఉంది, కానీ ఎదురు కొండ దాకా పోతుందో లేదో ఎవరికి తెలుసు? బాలన్న పిల్లతో ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ మోత వినిపించి, దీనికి దిగమని చెప్పి పంపాను.

సుశీల మళ్ళీ మందులకు రావలసిన రోజున నేనూ జీపెక్కాను. ఘాటీలో సింహాచలం చూపించిన చోట పనస కొమ్మకు డ్రమ్మును గొలుసుతో కట్టాం. ఇకమీదట ఎక్కేటప్పుడల్లా సింహాచలం ఆగి కొట్టాలి, ఈ మొదటిసారి మాత్రం నేనే కొట్టాను. భుజం పడిపోయేదాకా కొట్టాను. కొండ మీద చెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

పై ఊరు వెళ్ళి తిరిగొచ్చేసరికి మలుపు దగ్గర ఎవరూ లేరు. జీపులో జనం విసుక్కున్నారు. "బేగి పోనీ బాబూ, సంత అయిపోద్ది!" సింహాచలం ఇంజను ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు. నేను దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. అరగంట గడిచి ఉంటుంది. పైన పొదలు కదిలాయి. బాలన్న, భుజాల మీద పిల్ల. చెమటలు కారుతూ దిగాడు.

"ఇన్నాం బాబూ. గాలి ఎదురుగుంది, సన్నగా వొచ్చింది. అనుమానంగానే దిగినాం."

పిల్లను కిందకి దించాడు. అది జీపు వైపు చూసి, నా చేతిలోని స్పానర్ వైపు చూసి, "సౌండు తీసీసింది నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా" అన్నాను.

జీపెక్కి కూర్చుంది.

ఇప్పుడు ఏ బండి వచ్చినా, ఓనరు ఏం చెప్పినా, ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి ఆ సౌండు గురించి చెప్పమంటాను. చాలామంది పనికిరాని మాటలే చెబుతారు. అన్నీ వింటాను. అరిగిన గేరును కనిపెట్టడం ముప్ఫయ్యేళ్ళలో బాగానే నేర్చుకున్నాను. ఎదుటి మనిషి మాట చివరిదాకా వినడం నేర్చుకోలేదు. ఆ రోజు నవ్వకుండా ఒక్క నిమిషం విని ఉంటే, ఆ పిల్ల ఆ నాలుగు రోజులు అంత నొప్పి పడి ఉండేది కాదు.