అవతలి మూల నుంచి వచ్చిన మాట

శనివారం ఉదయం పదీ ఇరవైకి, పెనం మీద దోసె తిప్పుతుంటే నా చెవులు రెండూ మూసుకుపోయాయి, విమానం దిగేటప్పుడు అయినట్టు. హాల్లో పిల్లలు చూస్తున్న టీవీ మోత ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక్కటే తెలిసింది. చెల్లెలు ఇప్పుడు కూర్చున్న చోటు మంచిది కాదు.

దయ్యాలనీ, శకునాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. కంగారు మనిషినన్నది మాత్రం నిజం. పిల్లల ఒళ్లు కాస్త వెచ్చబడితే రాత్రంతా థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటాను. అందుకే, నేను చెబితే నమ్మరని తెలిసీ, అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను.

మేముండేది న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో. చెల్లెలు అమెరికాలోనే ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఐదు వందల ఏళ్ల నాటి భవనాలు చూసి గీసుకురావడానికి ఈ వేసవిలో ఇటలీ వెళ్లింది. ఫ్లోరెన్స్, విచెంజా చూశాక, ఆ వారం ఒక చిన్న ఊళ్లో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పాత రాజభవనంలో పని పెట్టుకుంది. అక్కడ ఒక గది పైకప్పు వంపు ఎలాంటిదంటే, ఒక మూలన గోడకేసి గుసగుసలాడితే ఎదురు మూలన ఉన్నవాళ్లకి చెవిలో చెప్పినట్టు వినబడుతుందట. ముందురోజు వీడియో కాల్‌లో చూపించింది. అప్పటినుంచీ మా పిల్లలకి హాలు మూలల్లో అదే ఆట.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదకొండు సార్లు చేశాను.

"మ్యూజియంలో ఫోన్ ఎవరెత్తుతారు? బొమ్మ వేసుకుంటూ ఉంటుంది. నీకు టెన్షన్ లేకపోతే వీకెండ్ గడవదు," అన్నారు మావారు, మాడుతున్న దోసె చూసి స్టవ్ ఆపుతూ.

ఆయన నవ్వుతారని తెలిసినా హాల్లోకి వెళ్లాను. పిల్లల్లాగే చెప్పుల స్టాండ్ పక్కన మూలకి మొహం పెట్టి, "బుజ్జులూ, ఇక చాలు. లేచి ఇటు రా," అన్నాను చిన్నగా. ఆ పేరుతో దాన్ని పిలిచేది నేనొక్కదాన్నే.

చెవులు తెరుచుకున్నాయి.

గంట తర్వాత చెల్లెలే ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు ఇటలీ వచ్చావా? నిజం చెప్పు."

"పిచ్చా నీకు? ఇంట్లో దోసెలు వేస్తున్నానే."

జరిగింది ఇది. ఆ రోజు ఫోన్, బ్యాగ్ ద్వారం దగ్గర లాకర్‌లో పెట్టేసింది. మూలన మడత స్టూల్ వేసుకుని పైకప్పు గీస్తోంది. గీత కుదిరేదాకా లేచే రకం కాదు. అప్పుడు గోడలోంచి నా గొంతు వినబడింది. నేను చెప్పకుండా వచ్చి ఎదురు మూల నుంచి ఆటపట్టిస్తున్నాననుకుని, నవ్వుతూ గది దాటి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరిగేలోగా పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి స్టూల్ మీద పడింది.

ఫొటో పంపింది. స్టూల్ కాళ్లు నాలుగూ విరిగిపోయాయి. పెచ్చు మీద ఎవరో ఎప్పుడో వేసిన నీలాకాశం, దాని మీద మేఘం అంచు మాత్రం చెక్కుచెదరలేదు.

"కిందపడ్డా ఎంత బాగుందో చూడక్కా," అంది ఏడుస్తూనే.

తను విన్న మాటలేమిటో నేను అడగకముందే చెప్పింది. నేను మూలన అన్నదానికి ఒక్క అక్షరం తేడా లేదు. కాకతాళీయం అన్నారు మావారు. కాసేపటికి, ఆయనే వెళ్లి ఆ మూలన నిలబడి గోడని తడిమి చూశారు. నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

మర్నాడు పొద్దున పిల్లలకి, పిన్ని స్టూల్ విరిగిందనీ, పిన్నికి ఏమీ కాలేదనీ చెప్పాను.

"అప్పుడు పిన్ని ఎక్కడ ఉంది?" అని పెద్దది అడిగింది.

"అటువైపు వెళ్లింది. ఎవరో పిలిచారు."

"పిలిచిందెవరు?"

నేనే అనబోయి, నాకూ తెలీదమ్మా అన్నాను.