సత్తక్క బేలర్‌ను షోరూముకు ఈడ్చుకెళ్లిన రోజు

మొన్న భివండిలో కనేరి దగ్గర నేనెక్కిన ఆటో ముందు గడ్డి టెంపో ఒకటి వెళ్తోంది. గాలికి టార్పాలిన్ లేచి, తడిసి ముక్కిన గడ్డి వాసన గుప్పుమంది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతుంది. సత్తక్క గుర్తొస్తుంది.

సత్తక్క పద్మనగర్‌లో, వరస గదుల మా చాలీలోనే ఉండేది. మగ్గాలు నడిచే రోజులకంటే ఆగిపోయే రోజులు ఎక్కువైనప్పుడు, సేటు కబురు కోసం ఎదురుచూడటం మానేసింది. వానలు వెళ్లాక భివండి బయటి కొండవాలుల్లో నడుమెత్తు గడ్డి పెరుగుతుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, ముంబై గేదెల తబేలాలకు పంపుతారు. సత్తక్క ఒక వాలును కౌలుకు తీసుకుని, కండెలు చుట్టుకునే మా ఆడవాళ్లను కొందరిని, నన్నూ వెంటబెట్టుకెళ్లింది. అప్పు చేసి, హైవే పక్క షోరూములో బేలర్ కొన్నది. ఎండిన గడ్డిని లాక్కుని, నొక్కి, తాడు కట్టి మోపులుగా బయటికి తోసే యంత్రం అది. అప్పటికి నేను పరాయివాళ్ల ముందు నోరెత్తి ఎరగను.

మొదట్లో బేలర్ కొన్ని మోపులు బాగానే కట్టింది. తర్వాత ముడి పడటం మానేసింది. మోపు బయటికి వచ్చి, కింద పడి, విచ్చుకుపోయేది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే షోరూము మెకానిక్ వచ్చాడు. ఏదో బోల్టు బిగించి, చాయ్ తాగి వెళ్లాడు. అతని బండి వాలు దిగకముందే మోపు మళ్లీ విచ్చుకుంది. మళ్లీ ఫోన్ చేస్తే రేపు వస్తాడన్నారు. మర్నాడూ అదే మాట.

“గడ్డి ఇయ్యాల ఎండింది. వీని రేపటి దాక మొగులు ఆగుతదా?” అంది సత్తక్క.

ఆగలేదు. అకాల వాన దిగింది, మేం టార్పాలిన్లు పట్టుకుని పరుగెత్తినా, చాలావరకు నానిపోయింది. తెరిపి ఇచ్చాక ఆమె కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. లోపల వేడి పుట్టి, గడ్డి నల్లబడుతోంది. చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది. ఏడవలేదు. ట్రాక్టర్ డ్రైవర్‌ను పిలిచి, “బేలర్ తగిలియ్యి, షోరూముకు పోదాం” అంది.

షోరూము గేటుకు అడ్డంగా దాన్ని నిలబెట్టించింది. లోపల కొత్త ట్రాక్టర్లకు దండలు వేస్తున్నారు. మేనేజర్ బయటికొచ్చి, యంత్రం మంచిదే, మీరు వాడిన తాడే బాగాలేదన్నాడు. ఇంట్లో మగవాళ్లుంటే పంపమన్నాడు.

“తాడు గురించి నాకు చెప్తున్నవా? పుట్టినకాన్నుంచి దారంల బతికినదాన్ని” అంది సత్తక్క. కోపంలో ఆమెకు హిందీ రాలేదు. అతనికి తెలుగు రాదు. నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పు చెల్లె. వానికి గాదు, కొననీకి వచ్చినోల్లకు ఇనపడేటట్టు చెప్పు.”

చెప్పాను. విడిపోయిన మోపులు, రాని మెకానిక్, కుళ్లిన గడ్డి, అన్నీ హిందీలో చెప్పాను. దండ పట్టుకున్న ఒక రైతు, “నిజంగా మనిషిని పంపలేదా?” అని మేనేజర్‌ను అడిగాడు. అప్పుడు షోరూము యజమాని బయటికొచ్చాడు. రేపు రేపు అన్న మెకానిక్ ఆ పూటే వచ్చి, ముడి వేసే భాగం మార్చాడు. యజమాని మాకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. సత్తక్క ముట్టలేదు. “నా గడ్డి తెప్పియ్యి” అంది. అతను లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బేలర్ ఒక్క ముడి తప్పలేదు. కట్టడానికే గడ్డి లేదు. అప్పు తీర్చడానికి దాన్ని అమ్మేసి, సత్తక్క భివండిలోనే నాగావ్‌లో మళ్లీ కూలికి మగ్గం మీదికెళ్లింది. కన్నుమూసేదాకా అక్కడే పనిచేసింది.

జరిగిందేదో జరిగింది, మర్చిపో అంటారు మావాళ్లు. నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. దవాఖానాలోనో బడిలోనో ఎవరైనా రేపు రమ్మంటే, ఎందుకని అడుగుతాను. జవాబు చెప్పేదాకా కదలను. అందరూ చూస్తుంటే నా కూతురు కొంగు లాగుతూ, “అమ్మా, చల్ నా” అంటుంది. సిగ్గుపడుతుంది. పడనీ. ఆ రోజు షోరూము ముందు నేనూ సిగ్గుతో చస్తూనే నోరు విప్పాను.