సైరాకుల్ తివాచీ

కొచ్కోర్ ఊరి బడిలో నేను లెక్కలు చెబుతాను, సైరాకుల్ కథలు చదివిస్తుంది. ఆరో తరగతి పిల్లల్ని ఉన్ని తివాచీ మీద గుండ్రంగా కూర్చోబెడుతుంది. ఒకరు ప్రశ్నలడగాలి, ఒకరు బొమ్మ గీయాలి, ఒకరు కథలోవాళ్ల బాధ చెప్పాలి. కథకి ఏడిస్తే పక్కవాడి కష్టమూ తెలుస్తుందట. పిచ్చి మనిషి!

ఆ రోజు కథలో ఊరంతా వెలేసిన కుర్రాడు. బెక్తూర్ అనే పిల్లాడైతే వెక్కివెక్కి ఏడ్చాడు.

"వాడు మన క్లాసులో ఉంటే నా పక్కనే కూర్చోబెట్టుకునేవాణ్ణి అక్కా!"

తర్వాత ఇళ్ల నుంచి తెచ్చిన రొట్టెలు మధ్యలో పెట్టారు. ముందుకొచ్చిన రొట్టెను చిటికెడైనా తుంచి నోట్లో వేసుకోకపోతే మా దగ్గర పెద్ద అవమానం. ఐజిరెక్ అనే పిల్ల తెచ్చిన రొట్టెను మాత్రం ఎవరూ ముట్టలేదు. వాళ్ల నాన్న గొర్రెలు దొంగిలించి జైల్లో ఉన్నాడు.

"తినండర్రా!" అని సైరాకుల్ గుడ్లురిమింది. తలా ఒక ముక్క తుంచుకున్నారు. ఆమె మొహం వెలిగిపోయింది.

"చూశావా, కథలు ఊరికే పోవు," అంది నాతో.

ఆ పూట తివాచీ దులిపే వంతు ఐజిరెక్‌ది. ఎత్తితే కింద తను తెచ్చిన రొట్టె ముక్కలే, ఎవరు కూర్చున్నచోట వాళ్లవి. బెక్తూర్ కూర్చున్నచోటా ఉంది. ఆ పిల్ల ఒక్కోటీ ఏరి, నుదుటికి ఆనించుకుని జేబులో వేసుకుంది.

"పిచ్చుకలకేస్తాలే అక్కా," అంది, సైరాకుల్ వంక చూడకుండా.