చచ్చిన కాలేజీలో గడియ గిన్నె

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, ఉదయగిరి పెంచలనరసింహం తన గడియ గిన్నెను పాత పంచెలో చుట్టుకుని మద్రాసు బయల్దేరాడు. మద్రాసు మ్యూజియాన్ని మా వైపు జనం చచ్చిన కాలేజీ అనేవాళ్లు. పాతకాలపు యంత్రాలు అక్కడ ఉంటాయనీ, ఏది ఎలా పనిచేసేదో చెప్పేవాళ్లు కూడా ఉంటారనీ ఆయన విన్నాడు. ఆయనకు తెలియాల్సింది ఒక్కటే, తన గిన్నె నిజమా అబద్ధమా అని.

అది అడుగున సన్నటి బెజ్జమున్న పల్చటి రాగి గిన్నె. నీళ్ల గంగాళంలో తేలిస్తే బెజ్జంలోంచి నీరెక్కి సరిగ్గా ఒక గడియకు మునగాలి. మునిగినప్పుడల్లా తీసి మళ్లీ తేలుస్తూ, పొద్దుగూకినప్పటి నుంచి లెక్క పెట్టుకుని రాత్రి ముహూర్తాలు చెప్పేవాడాయన. తండ్రి దగ్గర నేర్చిన విద్య అది.

ఆత్మకూరులో శ్రీమన్నారాయణ శెట్టి కూతురి పెళ్లితో ఆ విద్యకు విలువ పోయింది. లగ్నం వచ్చేసిందని ఈయన కేకేశాడు. శెట్టి గోడగడియారం వంక చూసి, ఇంకా వేళ కాలేదని పందిరంతా వినబడేలా నవ్వాడు.

"ఏంది సామీ, మీ గిన్నెకి దప్పికెక్కువైనట్టుండాదే! గడగడా తాగేస్తా ఉండాది."

"గిన్నె తప్పదు శెట్టీ. నీ గడియారానికి కీ ఇచ్చినోడే తప్పినాడు."

తాళి గడియారం ప్రకారమే కట్టించారు. ఈయన తాంబూలం ముట్టకుండా లేచి వచ్చేశాడు. తర్వాత ఏ పందిరీ పిలవలేదు.

భార్య పద్మావతమ్మ ఆ అవమానాన్ని దిగమింగలేకపోయింది. గిన్నెను చింతపండుతో, ఇటుకపొడితో తళతళలాడేలా తోమి, నూలుపోగుకు అదే పొడి అద్ది బెజ్జంలో అటూ ఇటూ లాగి శుభ్రం చేసేది ఆమే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అది ఆమె పూజ. పిలుపులు ఆగిపోయినా తోమడం ఆపలేదు. మంచం పట్టినాక కూడా అదే మాట.

"తెలిసినోళ్లకి చూపించయ్యా. నా గిన్నె అబద్ధమాడదు."

ఆమె పోయి మాసికాలు నడుస్తుండగానే ఆయన రైలెక్కాడు.

మ్యూజియం గుమ్మం ముందు అలవాటుగా చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. నీడ గడియారం, ఇసుక గడియారం, ఇనప పళ్ల చక్రాలతో నిలువెత్తు గడియారం. పొద్దును కొలవడానికి మనుషులు పడ్డ తిప్పలన్నీ అద్దాల వెనక వరసగా ఉన్నాయి. ఇంకో రోజైతే ఒక్కోదాని ముందూ నిలబడేవాడే. ఆ రోజు మూటను రొమ్ముకు అదుముకుని ఆఫీసరు గది దాకా ఆగలేదు.

ఆఫీసరు తెలుగువాడే. కథంతా విని గంగాళంతో నీళ్లు తెప్పించాడు. చేతిగడియారం విప్పి పక్కన పెట్టాడు.

"గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. చూద్దాం."

గిన్నె తేలింది. అడుగున నీటి చుక్క మెరిసింది, బిళ్లంతయింది, అంచు వైపు పాకింది. పెంచలనరసింహం గడియారం వంక చూడలేదు. మెల్లగా, మెల్లగా అని లోలోపల గిన్నెను బతిమాలుకుంటున్నాడు. అంచు వణికింది. గిన్నె బుడుంగున మునిగింది.

అప్పుడు చూశాడు. ముల్లు ఇంకా ఇరవై నాలుగో నిమిషం గీత దగ్గరికి రాలేదు.

"తేడా కొంచెమే. కానీ పొద్దుగూకినప్పటి నుంచి లెక్కపెడితే కుప్ప పడుతుంది," అన్నాడు ఆఫీసరు. భూతద్దంతో బెజ్జాన్ని చూశాడు. "చేసినప్పుడు సరిగానే ఉండుంటుంది. ఇప్పుడు బెజ్జం అరిగి పెద్దదైంది. దేంతో తోముతారండీ?"

ఇటుకపొడి అద్దిన నూలుపోగు, దాన్ని లాగే పద్మావతమ్మ వేళ్లు పెంచలనరసింహం కళ్ల ముందు కదిలాయి.

"బెజ్జం పూడ్చి మళ్లీ సన్నగా వేయించొచ్చు," అన్నాడు ఆఫీసరు.

"వద్దు. ఈడ పెట్టుకుంటే దీన్ని ఎవరన్నా తోమతారా?"

"ఎవర్నీ ముట్టుకోనివ్వం."

"అయితే పెట్టుకోండి."

తిరుగుదారిలో ఒక్కటే ఆలోచన. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే, ఆ గిన్నె తోమిందెవరని అడుగుతారు. ఉదయగిరి బస్సు ఆత్మకూరులో ఆగింది. అయినా దిగాడు.

శెట్టి అంగట్లోనే ఉన్నాడు.

"మీ గడియారమే నిజం శెట్టీ. నా గిన్నె బెజ్జం అరిగిపోయుండాది. మద్రాసులో చూపించినాను."

శెట్టి నవ్వలేదు. "అంత అరిగేట్టు ఎవరు తోమినారు సామీ? అమ్మగారేనా?"

"నేనే. మెల్లగా తోమమని ఆమె చెప్తానే ఉండింది. నేనే వినలా."

శెట్టి ఆయన చేతుల వంక చూశాడు. పంచాంగం తప్ప ఏదీ పట్టని మెత్తటి చేతులవి. తర్వాత లేచి, తన పక్కనున్న పీటను పైపంచెతో తుడిచాడు.

"కూచో సామీ," అన్నాడు.