కూతురి లెక్కలు నేను చేసినందుకు

నాలుగో తరగతి చదివే నా కూతురు లాస్యను ఆరో తరగతి లెక్కల్లోకి తోయబోయి నేనే మునిగిన సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు నాకు మాత్రం వచ్చింది చెమటే.

మాది క్యాతగానచెర్లు అనే పల్లె. మా చేను సోలార్ కరెంటు పార్కు పలకల కిందికి పోయాక నాకు శనక్కాయలు పీకే పని తప్పింది, చేతులు ఊరికే ఉండనంటున్నాయి. అప్పుడే వై.ఎన్.హొసకోటలోని లాస్య స్కూలువాళ్ళు ఒక కాగితం పంపారు. అందులోని పది లెక్కలు సొంతంగా చేసిన నాలుగో తరగతి పిల్లలు లెక్కల పీరియడుకు ఆరో తరగతిలో కూర్చోవచ్చట. లాస్య మూడు చేసి ఆటకు పోయింది. పదో తరగతిలో లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చినదాన్ని, నాకు పూనకం వచ్చింది. మిగతా ఏడూ చేసి, దానిచేత చూసి రాయించాను. మీరెప్పుడూ చేయలేదా, నిజం చెప్పండి.

నాలుగు రోజులకు స్కూలునుంచి ఫోను. పాపను తీసుకుని ఇద్దరూ రావాలట. మా ఆయన పార్కులో పలకలు కడిగే పనికి సెలవు పెట్టి, తోటివాళ్ళందరికీ చెప్పి మరీ బయలుదేరాడు.

బస్సులో లాస్య నా చెవి దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఆడ నన్ను అడిగితే ఏం చెప్పల్ల?"

"ఏమీ అడగరులేమ్మా."

"అడిగితేనో?"

పేరు కొట్టేస్తారేమో, బిడ్డను అందరి ముందూ దొంగను చేస్తారేమో అని భయం పట్టుకుంది. గుండె శనక్కాయల మిషనులా దడదడలాడింది. మా ఆయన మాత్రం పక్క సీటాయనతో, "మా పాప ఆరో క్లాసు లెక్కలకు పోతాదప్పా" అంటున్నాడు.

స్కూల్లో లెక్కల మిస్సు లాస్యను బోర్డు దగ్గరికి పిలిచింది.

"కోళ్ళూ మేకల లెక్కలో 'కోళ్ళు ఎక్స్ అనుకొందాం' అని రాసినావు గదమ్మా. ఎందుకట్ల అనుకోవల్ల?"

నా ప్రాణం పైకే పోయింది. ఆ ఎక్స్ నేను హైస్కూల్లో నేర్చుకున్నది. నాలుగో తరగతి కాగితమన్న సంగతే మరిచిపోయాను. గోడ పక్కనుంచి కళ్ళతో, వేళ్ళతో సైగలు చేశాను.

"ఏమే, దోమలు కుడతా ఉండాయా?" అన్నాడు మా ఆయన.

లాస్య నా వైపు వేలు చూపింది. "మా అమ్మ అనుకోమనింది మిస్."

మా ఆయన తెరిచిన నోరు మూయలేదు. నేను ముందుకు వచ్చాను. "తప్పు నాదే మేడం. బిడ్డను ఏమీ అనొద్దండి. అది మొదటి మూడే చేసినాది, తక్కినవన్నీ నేను చేసినా."

మిస్సు కాగితం కిందికీ పైకీ చూసింది. ఆ నిమిషంలో నేను మొక్కని దేవుడు లేడు.

"పాప చేసిన మూడూ కరెక్టే ఉండాయి" అంది చివరికి. "మీరు చేసిన ఏడింట్లో నాలుగు తప్పు. మిమ్మల్ని ఆరుకు కాదు గానీ, నాలుగులో కూర్చోబెట్టల్ల."

తరువాత లాస్యకు కొత్త కాగితం ఇచ్చి, నన్ను వరండాలోకి పంపింది. గంటసేపు గోళ్ళు కొరుక్కున్నాను. అది పదికి పదీ చేసి, ఆరో తరగతిలో బెంచీ సంపాదించి నవ్వుతూ వచ్చింది. దాని దారికి అడ్డం పడింది నేనే.

ఇంటికి రాగానే దీపం ముట్టించి ఒట్టు వేశాను. నా కూతురి లెక్క ఎంత చిన్నదైనా, ఈ జన్మలో పెన్సిలు ముట్టను. లాస్యకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ లెక్కల పుస్తకం తెరిచే ముందు నన్ను వంటింట్లోకి పంపి, బయటినుంచి గడియ పెడుతుంది.