పార్సనేజ్ వంటగది

ఇంతకాలం నేనేమీ రాయలేదంటే కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. చిన్నప్పుడు మా అమ్మ మిషన్ కాంపౌండ్‌లో పాస్టర్ గారింట్లో వంట చేసేది. ఆ ఇంటి పిల్లలు బడికి వెళితే నేను వాళ్ళ చంటిదాన్ని ఎత్తుకుని వరండాలో తిరిగేదాన్ని. చంటిది కూడా బడికి వెళ్ళాక నేను వంటింట్లోకి వెళ్ళాను. చదవడం, రాయడం అమెరికాలో ఈ ఆష్‌బర్న్ వచ్చాకే, మనవరాలి తెలుగు క్లాసు పుస్తకాలతో వచ్చాయి.

ఇక్కడా మాది పాస్టర్ గారిల్లే. మా అల్లుడికి వారమంతా ఆఫీసు, ఆదివారం తెలుగు సంఘంలో పాస్టర్ పని. ఇంగ్లీషు సంఘంలో జనం తగ్గిపోయి, మందిరాన్నీ, పక్కనే పాస్టర్ కాపురానికి కట్టిన ఈ పార్సనేజ్‌నీ మావాళ్ళకు అప్పగించారు. పాత చెక్క ఇల్లు. ఒకప్పుడు ఇక్కడ పెరిగిన పాస్టర్ కూతురు, ఇప్పుడు ముసలావిడ, ఒకరోజు వచ్చి గదిగదీ చూపించింది. మా అమ్మాయి తెలుగులో చెబుతుంటే విన్నాను. పెళ్ళి మాట్లాడుకునే జంటలూ, చావు కబురు తెచ్చినవాళ్ళూ ముందుగదిలో ఒకే సోఫాలో కూర్చునేవారట. పొలం పనివాళ్ళు వెనక తలుపు దగ్గరికొస్తే వాళ్ళమ్మ సూప్ పోసేదట. తర్వాతి పాస్టర్లు సొంతిళ్ళు కొనుక్కున్నారు. ఇల్లు కొన్నాళ్ళు అద్దెకు పోయింది, ఆ తర్వాత విరిగిన కుర్చీలు పడేసే కొట్టుగది అయింది.

మా సంఘం ఆడవాళ్ళు ఇంట్లో వండినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడికని తీసి పెడతారు. నెలకోసారి, ఆరాధన తర్వాతి భోజనానికి, ఆ బియ్యమంతా మా వంటగదికి చేరుతుంది. సోనా మసూరి, బాస్మతి, బ్రౌన్ రైస్, అన్నీ కలిపి వండితే ఒక మెతుకు చిమిడిపోతుంది, ఇంకోటి పలుకుగా మిగులుతుంది. మాస్టర్స్ చదివే పిల్లలు "ఇదేం బిర్యానీ ఆంటీ?" అంటూనే మారు వడ్డించుకుంటారు. మందిరంలో పొయ్యి లేదు. ఈ ఇల్లు పోతే ఆ భోజనం పోతుంది.

ఇల్లు పడగొట్టి పార్కింగ్ వేద్దామని సంఘపెద్ద ఒకాయన అన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. తుడిచిన గదే మళ్ళీ తుడిచాను. ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగ్ పెట్టారు.

"జనాలు వచ్చి, పార్కింగ్ లేక రిటర్న్ అయిపోతున్నారు బ్రదర్," అన్నాడాయన.

"మరి మా లంచ్ అంకుల్?" అంది ఒక స్టూడెంటు పిల్ల.

"కేటరింగ్ బుక్ చేద్దాం."

నేను లేచాను. "కేటరింగ్ వాడు మన పిడికెడు బియ్యం తీసుకుంటాడా బాబూ?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "సెంటిమెంట్ మీద కార్లు పెట్టలేం కదా అమ్మమ్మగారూ!"

మళ్ళీ నవ్వారు, ఈసారి నా మీద. చేతులెత్తమన్నారు. నాతో పాటు లేచిన చేతులు కొన్నే. పార్కింగే గెలిచింది.

సాయంత్రమంతా వంటగదికీ ముందుగదికీ తిరిగాను.

"ఒకచోట కూర్చో అమ్మా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది మా అమ్మాయి.

"ఎక్కడ కూర్చోమంటావే? అన్నీ పోయేవేగా!"

మర్నాడు పొద్దున్న మా అల్లుడితో, ఆఫీస్‌కి వెళుతూ నన్ను ఆ సంఘపెద్ద ఇంటి దగ్గర దింపమన్నాను. ఆయన హెడ్‌సెట్ పెట్టుకునే తలుపు తీశాడు.

"వందనాలు అమ్మమ్మగారూ. ఏంటి ఇంత పొద్దున్నే?"

"పై నెల వంట మీ ఇంట్లో బాబూ. పొయ్యి చూసిపోదామని."

ఆయన నోరు తెరిచేలోపే లోపల్నుంచి ఆయన భార్య, "రండి అమ్మమ్మగారూ, చెప్పులు అక్కడే విడవండి," అంది. వెళ్ళి నాలుగు బర్నర్లూ ఒక్కొక్కటే వెలిగించి చూశాను.